తూటాల లైన్లో నా చెప్పులు

అమెరికాలో తూటాలకి కరువొచ్చిందంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. "అక్కడ కొట్లో పప్పూ ఉప్పూ పక్కనే పెట్టి అమ్ముతారంట గదా" అంటారు. అమ్ముతారు. 2013లో మాత్రం ఆ అర ఖాళీ. ఆ ఖాళీ అర కోసం లైన్లో నేను నిలబడ్డాను. నేను ఆ దేశం పోయింది తూటాల కోసం కాదు, నా కూతురికి పురుడు పొయ్యడానికి. ఈ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత ఎవరూ నన్ను అడగొద్దు.

ఫిబ్రవరి ఆఖర్న అమెరికాలో కూతురుండే ఇర్వింగ్ అనే ఊళ్ళో దిగాను. అలేఖ్యకి అప్పుడు ఆరో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోది ఏడో నెల దాకా వచ్చి పోయింది. ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దని చెప్పింది. "అమ్మా, నువ్వు పక్కనుంటే చాలు, నాకు భయం ఉండదు" అని ఫోన్లో ఏడ్చింది. నా కూతురు ఏడ్చే మనిషి కాదు. పసిబిడ్డకి కొత్త గుడ్డ గుచ్చుకుంటుందని పాత నూలు చీరలు చింపి మడతలు పెట్టుకున్నాను. సొంఠి, మిరియాలు, పాత బెల్లం, బాలింతకి పెట్టే కాయానికి కావలసినవన్నీ మూటగట్టాను. ఎయిర్‌పోర్ట్‌లో వాసన చూసి సగం పారేశారు. మిగతా సగంతో లోపలికి పోయాను.

అల్లుడు తేజేశ్వర్ పరాయివాడు కాదు, మా తమ్ముడి కొడుకు. నా చేతుల్లో పెరిగాడు. సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌వన్ వీసా మీద ఉన్నాడు, గ్రీన్‌కార్డ్‌కి ఫైల్ చేసి ఏడాది దాటింది. ఎప్పుడొస్తుందిరా అంటే "లైన్లో ఉన్నామత్తా" అంటాడు. మంచివాడే, నోట్లోంచి మాట రాదు. చేతులు మాత్రం ఒక్క క్షణం ఊరుకోవు. అన్నం ముందు కూర్చున్నా వేళ్ళతో బల్ల మీద కొడుతూనే ఉంటాడు.

వచ్చిన మొదటి శనివారం అలేఖ్య మంచం మీంచే అరిచింది.

"తేజా, అమ్మని కూడా రేంజ్‌కి తీసుకుపో. పొద్దున్నించీ టీవీతో పోట్లాడతా ఉంది. నాకు తలనొప్పి."

"యాడికే?" అన్నాను.

"నీ అల్లుడు తుపాకి పేలుస్తాడు. పోయి చూడు."

మా వైపు తుపాకి రెండు రకాల మనుషుల దగ్గరే ఉంటుంది. పోలీసు దగ్గర, సారా కాంట్రాక్టరు మనిషి దగ్గర. తొంభై రెండులో మేం ఆడవాళ్ళం సారా పాకెట్లు వీధిలో పోసి తగలబెట్టినప్పుడు ఆ రెండో రకం తుపాకి నా మొహం ముందుకొచ్చింది. అప్పటికే నా మొగుణ్ణి సారా మింగేసింది, ఇంక నేను దేనికి భయపడతాను? కానీ ఇంట్లో పిల్లోడి చేతిలో తుపాకి అంటే అది వేరే.

రేంజ్ అంటే ఊరి బయట ఒక రేకుల షెడ్డు. ముందు గడ్డి, అవతల మట్టికట్ట. చెవులకి డిప్పల్లాంటివి తగిలించారు. దూరంగా కాగితం, కాగితం మధ్యలో నల్లచుక్క. తేజ బోర్లా పడుకుని రైఫిల్ భుజానికి ఆనించాడు. అప్పుడు వాడి చేతులు చూశాను. ఆగిపోయాయి. బండరాయిలో చెక్కినట్టు ఆగిపోయాయి. వాడు పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును వాణ్ణి, ఆ చేతులు అట్లా ఆగడం అదే చూడటం.

"ట్వంటీటూ అత్తా. ఇది కాగితాలు కాల్చుకునేదే" అని తూటా నా అరచేతిలో పెట్టాడు. చిటికెనవేలి కణుపంత ఉంది.

పక్క బల్ల దగ్గర వెండెల్ అని ఒక ముసలాయన, మోకాలికి పట్టీ, చేతికర్ర. ఆయన ఏదో అన్నాడు.

"గ్రాండ్మాని కూడా కాల్చమంటున్నాడు" అని తేజ నవ్వాడు.

కాల్చాను. ఐదు. మూడు కాగితానికి తగిలాయి. భుజానికి పెద్దగా కొట్టనైనా కొట్టలేదు. "ఇంతేనా!" అన్నాను. వెండెల్ కర్రతో నేల మీద కొట్టి మెచ్చుకున్నాడు.

వచ్చేటప్పుడు కార్లో తేజ పర్సులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. వేట లైసెన్స్.

"నువ్వు కోడి మానేసి మూడేళ్ళయింది గదరా. వేటేంది?"

"హెచ్‌వన్ వాళ్ళకి ఇది లేకపోతే తుపాకి ముట్టుకోకూడదత్తా, రూల్. ఏటా రెన్యూ చేయిస్తాను. వేటాడక్కర్లేదు, జేబులో ఉంటే చాలు."

"మంచి దేశమే. కోడిని కొయ్యనోడికి వేట కాగితం."

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ కాగితం గురించి ఇంకో ప్రశ్న అడగాలని నాకూ తోచలేదు, వాడికీ తోచలేదు.

ఇంటికొచ్చి అలేఖ్యకి జడ వేస్తూ, వీడికి ఈ పిచ్చి ఎక్కడిదే అని అడిగాను.

"తాగట్లేదు కదమ్మా" అంది.

నా చెయ్యి జడ మీద ఆగింది.

"రెండోది పోయినప్పుడు మొదలుపెట్టాడు. రోజూ. నీకు చెప్తే ఫ్లైటెక్కి వచ్చి కొట్టేదానివి. ఆఫీసులో ఎవరో ఈ రేంజ్‌కి తీసుకెళ్ళారు. అప్పట్నించీ ముట్టలేదు. నాకింకేం వద్దమ్మా, కాల్చుకోనీ."

నాకూ ఇంకేం అక్కర్లేదు. తాగుడు మాన్పించడానికి మాలలు వేయించినవాళ్ళని చూశాను, తాయెత్తులు కట్టినవాళ్ళని చూశాను, చెట్టుకి కట్టేసి కొట్టినవాళ్ళని చూశాను. అవేవీ పనిచెయ్యలేదు. వీడికి కాగితం మీద చుక్క పనిచేసింది. సరే, ఆ చుక్కకే దణ్ణం పెట్టుకున్నాను.

అయితే అంతకు ముందు డిసెంబర్‌లో ఆ దేశంలో ఒకడు బళ్ళోకి దూరి పసిపిల్లల్ని కాల్చి చంపాడు. సర్కారు తుపాకుల మీద పడుతుందని పుకారు లేచింది. జనం తూటాల మీద పడ్డారు. చచ్చింది పిల్లలు, జనం పరిగెత్తింది తూటాల కొట్టుకి. ఆ దేశం గురించి ఇంతకంటే నేను చెప్పేది లేదు.

మార్చికల్లా ట్వంటీటూ ఎక్కడా లేదు. తేజ ఆఫీసు నుంచి వస్తూ కనపడిన ప్రతి కొట్టూ ఎక్కి దిగేవాడు. ఇంట్లో ఫోన్ నొక్కుకుంటూ "అవుటాఫ్ స్టాక్, అవుటాఫ్ స్టాక్" అని జపం చేసేవాడు. ఇరవై డాలర్ల డబ్బా డెబ్బై అంటున్నారు, అదీ ఎవడిదో ట్రక్కు వెనకాల దొంగచాటుగా. శనివారానికి వంద కాల్చేవాడు యాభైకి దిగాడు. తర్వాత ఇరవై. ఒక్కో తూటా పేల్చే ముందు బోర్లా పడుకుని ఎంతోసేపు చూస్తూ ఉండిపోయేవాడు, పేలిస్తే అయిపోతుందని. తర్వాత అదీ లేదు. పడగ్గది గోడ మీద పెన్నుతో చుక్క పెట్టి, కాల్చేసిన తూటా డొల్ల ఒకటి రైఫిల్లో పెట్టి, ఊరికే ట్రిగ్గర్ నొక్కేవాడు. టిక్. టిక్. మంచం మీద అలేఖ్య, పక్కన నేల మీద వాడు.

"తగిలిందా?" అని అడిగేది.

"తగిలింది" అనేవాడు.

ఏం తగిలిందో ఎవరికి తెలుసు. గోడకి చిల్లు పడితే గదా.

ఏప్రిల్ మొదట్లో ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె తీయబోతుంటే దాని వెనక చేతికి చల్లగా గాజు తగిలింది. అదేంటో నేను వంగి చూడక్కర్లేదు. బీరు. ఆ రోజు ఒకటి. మర్నాడు రెండు. బల్ల మీద వేళ్ళ చప్పుడు ఎక్కువైంది.

వాణ్ణి వెనక వరండాలోకి పిలిచాను.

"ఏందబ్బయ్యా ఇది?"

"ఒక్కటే అత్తా. నిద్ర పట్టడానికి."

"మీ మామ కూడా నిద్ర పట్టడానికే మొదలుపెట్టాడు. పట్టింది. ఇంకా లేవలా."

వాడు తల దించుకున్నాడు.

"శనివారం వస్తే ఏం చెయ్యాలో తెలీట్లేదత్తా. అలేఖ్య పొట్ట చూస్తే భయమేస్తోంది. పోయినసారి కూడా సరిగ్గా ఇట్లాగే, అంతా బాగుందన్నారు. రేంజ్‌లో ఉన్నంతసేపూ అది గుర్తుకు రాదు."

"ఇంక ఎక్కడా దొరకవా?"

"హైవే పక్కన పెద్ద స్టోర్‌కి మంగళవారం, శుక్రవారం ట్రక్కొస్తుంది. తెల్లారకముందే లైన్. మనిషికి మూడు పెట్టెలే. ఒక్క పూటకి రావు." ఆగి, సిగ్గుపడుతూ నవ్వాడు. "నువ్వొస్తే ఆరు. మా ఆఫీసులో రవికాంత్ వాళ్ళ నాన్నని తీసుకెళ్ళి టీవీల సేల్‌లో నిలబెట్టాడు. ఒక్కొక్కళ్ళకి ఒక్కటే అంటే ఆయన్ని రెండో మనిషిగా చూపించాడు."

అక్కడ అందరూ అంతే. ఊరి నుంచి వచ్చిన అమ్మా నాన్నా అంటే లైన్లో ఇంకో తల. తలకింత అని బోర్డు పెట్టిన చోటల్లా మమ్మల్ని తోలుకుపోతారు. బియ్యం బస్తాలకి, పాల క్యాన్‌లకి, ఫోన్లకి. ఎవరూ దాన్ని తప్పనుకోరు. మాకూ ఇంట్లో గోడలు చూడటం కంటే అదే నయం.

"నన్ను నిలబెట్టు" అన్నాను.

మంగళవారం మేం పోయేసరికి స్టోర్ ముందు అప్పటికే బారు. ముసలాళ్ళే ఎక్కువ. మడతకుర్చీలు, ఫ్లాస్కులు. వెండెల్ కూడా ఉన్నాడు, గుర్తుపట్టి కర్ర ఎత్తాడు. చలి నా మోకాళ్ళలోకి దిగింది. నేను ఒక చెప్పు విప్పి లైన్లో నా చోట పెట్టి, ఒంటి చెప్పుతో పోయి కార్లో కూర్చున్నాను. నెల్లూరు ట్రంకురోడ్డులో కొన్న రబ్బరు చెప్పులు, నీలం పట్టీలు.

తేజ పరిగెత్తుకొచ్చాడు. "అత్తా! ఇక్కడ ఇది కుదరదు!"

"ఎందుకు కుదరదు? కంట్రోల్ బియ్యం కొట్టు ముందు, ఎరువుల సొసైటీ ముందు మనిషి అక్కర్లేదు, చెప్పు చాలు. మా ఊళ్ళో చెప్పుని జరిపినోడికి ఏమయ్యేదో తెలుసా నీకు?"

"ఇది మీ ఊరు కాదు."

"లైన్ లైనే. పోయి చూడు, ఎవడన్నా జరిపాడేమో."

పోయి చూశాడు. లైన్ కదిలినప్పుడల్లా వెండెల్ ముసలాయన చేతికర్రతో నా చెప్పుని ముందుకి తోస్తున్నాడు. చుట్టూ జనం నవ్వుతున్నారు. శుక్రవారానికి చూస్తే లైన్లో ఒక టోపీ, ఒక ఫ్లాస్కు, ఒక మడతకుర్చీ ఉన్నాయి. మనుషులంతా కార్లలో హీటర్ వేసుకుని కూర్చున్నారు.

ఆరు పెట్టెలు తెచ్చాం. శనివారం తేజ రేంజ్‌కి పోయాడు. ఆ సాయంత్రం ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి తడిమాను. పెరుగు గిన్నె వెనక ఏమీ లేదు. మళ్ళీ వారం, ఆ పై వారం. ఏమీ లేదు. అలేఖ్యకి ఏడో నెల దాటిపోయింది. "అమ్మా, చెయ్యి పెట్టు, తంతోంది" అనేది. తేజ కూడా చెయ్యి పెట్టేవాడు, ఆ ఆగిన చెయ్యి. ఆ ఏప్రిల్ నెల మా ఇంట్లో అందరం సుఖంగా ఉన్నాం. ఇంకోసారి అట్లా లేం.

ఆ లైన్లో ఒకడుండేవాడు. ఆకుల బొమ్మల టోపీవాడు. పెళ్ళాన్ని, బావమరిదిని తెచ్చేవాడు. ముగ్గురూ తలా మూడు తీసుకుని, ట్రక్కులో పెట్టి, టోపీలు మార్చుకుని మళ్ళీ లైన్లోకి. తర్వాత అదే పార్కింగ్‌లో ట్రక్కు వెనక తలుపు తెరిచి, లైన్లో దొరక్క మిగిలిపోయినవాళ్ళకి నాలుగింతలకి అమ్మేవాడు. వెండెల్ ఒకరోజు వాడి దగ్గర కొనడం చూశాను. లోపల అయిపోయాయి మరి. ముసలాయన కర్ర చంకలో పెట్టుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

మా ఊళ్ళో కంట్రోల్ డీలరు కిరసనాయిలు ఇట్లాగే అమ్మేవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నంబర్లిద్దాం" అన్నాను తేజతో. "వచ్చిన మనిషికి వచ్చినట్టు నంబరు. ఒకసారి తీసుకున్నోడికి రెండోసారి లేదు. నువ్వు ఇంగ్లీషులో చెప్పు."

"వద్దత్తా, మనకెందుకు."

"మనకెందుకు అని ఊరుకున్నారు కాబట్టే వాడు ట్రక్కు కొన్నాడు."

కాగితం ప్లేట్లు చింపి నంబర్లు రాశాను. వెండెల్ మార్కర్ పట్టుకుని తనే పంచాడు. జనం ఎదురు చెప్పలేదు, పైగా సంతోషించారు. రెండు మూడు వారాలు బాగా నడిచింది. టోపీవాడు రెండోసారి వస్తే "నీదైపోయింది పో" అని జనమే చెప్పేవాళ్ళు. నేను నంబర్లు రాయడం తప్పని ఈ రోజుకీ ఒప్పుకోను. ఎవరొచ్చి చెప్పినా ఒప్పుకోను.

మే నెల, రెండో శుక్రవారం. పెట్టెలు మూడూ కొంగులో పెట్టుకుని బయటికొచ్చాను. ఒక చేతిలో చెప్పు, ఇంకా తొడుక్కోలేదు. టోపీవాడు దారికడ్డంగా నిలబడ్డాడు. ఇంగ్లీషులో ఏదో అరిచాడు. నేను తెలుగులో అరిచాను. వాడి భాష నాకు అర్థం కాలేదు, నా భాష వాడికి అర్థం కాలేదు, కానీ ఏమనుకున్నామో ఇద్దరికీ తెలుసు. నా చేతిలో చెప్పు పైకి లేచింది.

తేజ మధ్యలోకి దూరాడు. మా పిల్లలకి ఆ దేశం నేర్పిన విద్య ఒకటుంది. ముందు సారీ చెప్పడం, తర్వాత అడక్కపోయినా అంతా విప్పి చెప్పడం.

"సారీ సర్, సారీ. ఆవిడకి తెలీదు. జస్ట్ విజిటింగ్. మా అత్తగారు. ఆగస్టులో వెళ్ళిపోతారు."

టోపీవాడి కోపం ఆగిపోయింది. అది నాకు నచ్చలేదు. కోపంగా ఉన్నవాడితోనైతే పోట్లాడొచ్చు.

"విజిటింగ్?" అన్నాడు నెమ్మదిగా. ఫోన్ తీశాడు. నన్ను, నా కొంగులో పెట్టెల్ని, మా కారు నంబర్‌ని ఫోటో తీశాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు.

"హంటింగ్ లైసెన్స్ ఉందా, గ్రాండ్మా?"

హంటింగ్ అనే మాట నాకు తెలుసు. తేజ వైపు చూశాను. వాడి చేతులు ఆగిపోయి ఉన్నాయి. రేంజ్‌లో ఆగినట్టే.

లాయరు శేషగిరి మనవాడే. లాస్ కొలీనాస్‌లో ఆఫీసు. ఆ మధ్యాహ్నం అలేఖ్య మంచం మీద ఫోన్ స్పీకర్‌లో పెట్టి చుట్టూ కూర్చున్నాం. తేజ చెప్పిందంతా విన్నాడు.

"విజిటర్ వీసా వాళ్ళు వేట లైసెన్స్ లేకుండా ఒక్క తూటా కూడా చేత్తో పట్టుకోకూడదు తేజేశ్వర్ గారూ. ఫెడరల్ లా. మీకు తెలుసు కదా, మీరు లైసెన్స్ తీసుకున్నారు కదా?"

"నాకు తెలుసండీ. అది తుపాకి కొనేవాళ్ళకనుకున్నా. ఆవిడ ఊరికే పెట్టెలు పట్టుకుంది."

"పట్టుకోవడమే నేరం. ఆ లైసెన్స్ ఆవిడకీ ఇచ్చేవాళ్ళు. అదే స్టోర్‌లో, అదే కౌంటర్‌లో అమ్ముతారు." కాగితాలు తిప్పిన చప్పుడైంది. "రేంజ్‌లో ఏమన్నా కాల్చారా?"

తేజ నా వైపు చూశాడు.

"ఐదు" అన్నాను నేను. "మూడు తగిలాయి."

అవతల నిట్టూర్పు వినపడింది.

"ఇప్పుడేమవుతుందండీ?" అన్నాడు తేజ.

"ఏమీ కాకపోవచ్చు. వాడు కంప్లైంట్ ఇవ్వకపోవచ్చు. ఇచ్చినా ఎవరూ రాకపోవచ్చు. వస్తే మాత్రం ఆవిడ మీద కేసు, ఆవిడ చేతికిచ్చారు కాబట్టి మీ మీద కూడా. మీ గ్రీన్‌కార్డ్ ఫారం, ఫోర్ ఎయిటీ ఫైవ్, పెండింగ్‌లో ఉంది. నా అడ్వైజ్ ఏంటంటే, ఎవరూ అడగకముందే ఆవిడ్ని పంపించెయ్యండి. మీ కార్డ్ వచ్చేదాకా మళ్ళీ రాకపోతే మంచిది."

"డెలివరీ జూన్‌లో అండీ" అంది అలేఖ్య.

"ఐ నో అమ్మా. సారీ."

ఫోన్ పెట్టేశాక నేను లేచి నిలబడ్డాను.

"నేను పోను. రమ్మను, ఎవడొస్తాడో చూస్తా. నెల్లూరు సబ్‌జైల్లో పడుకున్న దాన్ని. ఈడ జైల్లో దుప్పటి ఇస్తారు గదా, ఇంకేం."

"గమ్మునుండు అమ్మా" అంది అలేఖ్య. గోడ మీద పెన్ను చుక్కని చూస్తూ మాట్లాడింది. "నువ్వు జైల్లో ఉన్నా నా దగ్గర ఉండవు, ఊళ్ళో ఉన్నా నా దగ్గర ఉండవు. జైలైతే వాడి కార్డ్ కూడా పోతుంది, ఉద్యోగం పోతుంది, ఇన్సూరెన్స్ పోతుంది. ఈ హాస్పిటల్ నాకెవరు కడతారు? నువ్వు వెళ్ళు."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఉండిపోయేదాన్ని.

తుపాకి పట్టుకుని ఎదురొచ్చిన కాంట్రాక్టరు మనిషి ముందు మేం కారం పొట్లాలతో నిలబడ్డాం. వాడు వచ్చాడు కాబట్టి నిలబడ్డాం. ఇక్కడ ఎవడూ రాలేదు. రావచ్చు అన్నారు, అంతే. రాని మనిషితో ఎట్లా పోట్లాడాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఆ వారమంతా తలుపు దగ్గర బూట్ల చప్పుడైతే ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఒకసారి పోస్టు మనిషి, ఒకసారి పక్కింటి పిజ్జా. కలెక్టరాఫీసు గేటు ఎక్కిన నేను కర్టెన్ వెనక నక్కి చూశాను. అదొక్కటే తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

మిగిలిన తూటాలు ముట్టుకోవడానికి కూడా తేజకి ధైర్యం లేదు. తనకి లైసెన్స్ ఉంది, తను ముట్టుకోవచ్చు. అయినా ముట్టుకోలేదు. వెండెల్‌ని పిలిచి తీసుకుపొమ్మన్నాడు. ముసలాయన డబ్బివ్వబోతే వద్దన్నాడు. రైఫిల్ కూడా ఇచ్చేశాడు.

టికెట్ మార్చారు. పోయే రోజు పొద్దున అలేఖ్య పాదాలు చూస్తే రొట్టెల్లా ఉబ్బి ఉన్నాయి. ఆ పిల్ల చెప్పులు ఒక్కటీ పట్టలేదు. నా రబ్బరు చెప్పులు తొడిగాను. పట్టాయి. "ఇవి ఉంచుకో" అన్నాను. నేను తేజ పాత కాన్వాసు బూట్లు వేసుకున్నాను. అర చూపించి, ఇందులో చీర ముక్కలు, ఇందులో కాయం, పొద్దున్నే ఇంత ముద్ద, పత్యం ఇట్లా అని గడగడా చెప్పుకుంటూ పోయాను. "సరే అమ్మా, సరే అమ్మా" అంటోంది. వింటోందో లేదో తెలీదు. దాని పొట్ట మీద చెయ్యి పెట్టాను. ఆ పూట బిడ్డ కదల్లేదు. నిద్రపోతున్నట్టుంది.

జూన్‌లో ఆడపిల్ల. ఆపరేషన్ చేశారు. అలేఖ్యకి రక్తం ఎక్కువ పోయి ఇంకో వారం అక్కడే ఉంచారు. బిడ్డని ఎత్తుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు. వాళ్ళు ఇంటికొచ్చాక నేను మా ఊళ్ళో తమ్ముడింట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చూశాను. గరుకు కంబళి లాంటి దాంట్లో చుట్టి చూపించారు.

"చీర ముక్కలేవే?"

"ఏ అరలో పెట్టావో దొరకలేదమ్మా" అంది అలేఖ్య. గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

తేజ వంట చేస్తున్నాడని చెప్పింది. తెర మీద వాడి భుజం మాత్రం కనపడింది. గట్టు మీద ఏదో పెట్టిన చప్పుడు. గ్లాసు చప్పుడు కాదది. నేను ఆ చప్పుడు వింటూ పదిహేనేళ్ళు కాపురం చేశాను.

ఎవరూ రాలేదు. టోపీవాడు కంప్లైంట్ ఇచ్చాడో లేదో ఈనాటికీ తెలీదు. ఒక ఉత్తరం లేదు, ఒక ఫోన్ లేదు. ఆ కర్టెన్ వెనక దాక్కోకుండా ఉండి ఉంటే నేను ఆగస్టు దాకా అక్కడే ఉండేదాన్నేమో. ఉండకూడదేమో. లాయర్ని అడిగితే "చెప్పలేమండీ" అంటాడు. ఇప్పటికీ ఫీజు తీసుకుని అదే మాట చెబుతున్నాడు. గ్రీన్‌కార్డ్ ఇంకా లైన్లోనే ఉంది. నేను పోకూడదు.

మొన్న, 2015 ఆగస్టులో, అలేఖ్య ఫోన్ చేసింది. ఇల్లు మారుతున్నారట, కాపెల్‌కి. తూటాలు మళ్ళీ దొరుకుతున్నాయంట, అరల నిండా కాకపోయినా వారానికోసారైనా వస్తున్నాయంట. వెండెల్ రైఫిల్ వెనక్కి తీసుకొమ్మని వచ్చి అడిగాడంట. తేజ వద్దన్నాడంట.

"ఎందుకు వద్దన్నాడు?"

"తెలీదమ్మా. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి వాడికి. రేంజ్‌లో నవ్వుతారని కావచ్చు."

తనే మాట మార్చింది.

"సామాను సర్దుతున్నాం. నీ చెప్పులు ఇక్కడే ఉన్నాయి. పాప వేసుకుని ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరిగింది, ఒకదానికి పట్టీ తెగిపోయింది. పారేయనా?"

"రెండోది బాగుందా?"

"బాగుంది."

"ఒకటి చాలు" అన్నాను. "కొత్తింట్లో గుమ్మం దగ్గర పెట్టు. ఎవర్నీ జరపనీకు."

సరేనంది. వెనక ఎక్కడో సీసా బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఇద్దరం విన్నాం.